ఇల్లు చూసే ఉద్యోగం

గుంటూరులో ఒక ట్రస్టులో పనిచేసి పోయిన ఏడాది రిటైరయ్యాను. ఏం ఉద్యోగమండీ అని అడిగినవాళ్ళకి "ఇళ్ళు చూడటం" అని చెబుతాను. స్థలాల బేరాలనుకుని కొందరు తమ ప్లాటు సంగతి ఎత్తుతారు. అదేం కాదు. మిర్చి ఎగుమతిలో బాగా సంపాదించిన ఒక పెద్దాయన పెట్టిన ట్రస్టు మాది. ఈ మిరప, పత్తి నేలల్లో పుట్టి, పైదేశంలో యూనివర్సిటీ సీటు తెచ్చుకుని, వెళ్ళే స్తోమత లేక ఆగిపోయే పిల్లలకి స్కాలర్‌షిప్పు ఇస్తుంది. మార్కులూ సీటు కాగితాలూ ఆఫీసులో వేరేవాళ్ళు చూస్తారు. ఆ ఇంటికి నిజంగా అవసరం ఉందా లేదా అన్నది ఇంటికి వెళ్ళి చూసి రావలసింది మేము. మేము రాసిన పేజీ కమిటీ ముందుకు వెళ్తుంది. కమిటీ వాళ్ళకి ఆ పిల్ల మొహం తెలియదు, ఆ వీధి తెలియదు. మా పేజీ ఒక్కటే తెలుసు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు ఈమధ్య మా ఇంటికొచ్చి, "మేడం, మాకేమైనా చెప్పండి" అన్నారు. టీ ఇచ్చి, కబుర్లు చెప్పి పంపించాను గానీ చెప్పవలసింది చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. నాకొచ్చిన ఇంక్రిమెంట్లూ, నేను దులిపిన ఫైళ్ళూ ఇందులో ఉండవు. భయం ఉంటుంది. ఈ ఉద్యోగంలో మొదటి నుంచి చివరిదాకా నాతో ఉన్నది అదే.

ఏం భయం అంటారేమో. సీటిచ్చిన యూనివర్సిటీ ఫలానా తేదీలోగా వస్తావో రావో తేల్చి చెప్పమంటుంది. ట్రస్టు మాట ఇస్తేనే ఆ పిల్ల వస్తానని చెప్పగలదు. ఆ తర్వాత వీసా, టిక్కెట్టు. ముందుది జారితే వెనకవన్నీ జారతాయి. ఈ గొలుసు మధ్యలో నేను బస్సు దిగి, చెమట తుడుచుకుంటూ ఒక గుమ్మం ముందు నిలబడతాను. లోపల అందరూ నా మొహమే చూస్తుంటారు. నవ్వితే వచ్చేసిందనుకుంటారు, వాచీ చూసుకుంటే పోయిందనుకుంటారు. కాసేపట్లో చూసినదాన్ని బట్టి ఒకరి బతుకు ఎటు తిరగాలో నేను రాయాలి. తప్పు రాశానని తర్వాత తెలిసినా సీటు నా కోసం ఆగదు.

ఉన్నవాళ్ళ చాప, లేనివాళ్ళ సోఫా

ఇంట్లో ఏ వస్తువులున్నాయో చూస్తే వాళ్ళ స్థితి తెలిసిపోతుందని మీకు ట్రైనింగులో చెబుతారు. ఆ చెప్పినవాళ్ళు ఎప్పుడూ మా బస్సులెక్కి ఉండరు. మన వైపు దాన్ని తిరగేసి చదువుకోవాలి.

ఒంగోలులో ఒకాయనది రాళ్ళ వ్యాపారం. నేను వెళ్ళేసరికి చిరుగుల బనీనుతో చాప మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. బయట గోడకున్న ఏసీ పెట్టె మీద తడిచీర ఆరేశారు. ఆ చీర ఎంతకీ ఆరదు, కింద నుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా పడుతూనే ఉన్నాయి. ఎండలు మండిపోతున్నాయి కదండీ అన్నాను. "మాకు విసనకర్రే దిక్కమ్మా" అన్నాడు. రోహిణీ కార్తె మధ్యాహ్నం, ఆ గదిలో నాకు కొంగు కప్పుకోవాలనిపించింది.

పిడుగురాళ్లలో సున్నపు బట్టీలో పనిచేసే ఒకతని ఇల్లు దీనికి సరిగ్గా ఎదురు. రెండు గదుల ఇంట్లో గోడ సగం నిండే టీవీ. మేం మాట్లాడుకుంటూ ఉండగా పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ ఇంటావిడ కళ్ళతో ఎన్ని సైగలు చేసినా ఆమెకి అందలేదు. "ఇంకా ఎంతసేపు వదినా, సీరియల్ టైమవుతోంది, మా టీవీ మాకిచ్చెయ్యండి" అంది. బట్టీ ఆయన మొహం సున్నంలా పాలిపోయింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఆగిపోయింది. ఆవిడ సీరియల్ చూసే మనిషి కాకపోయి ఉంటే నేను ఏం రాసి ఉండేదాన్ని?

ఇది మోసం కాదు. మన వైపు ఒక ఇంటికి పనిగట్టుకుని "ఇల్లు చూడ్డానికి" వస్తున్నారంటే పెళ్ళి సంబంధం కోసమే వస్తారు. ఆ పూట ఇల్లు ఎలా కనబడాలో ప్రతి వీధికీ తెలుసు. ఒక ఇంటి నుంచి కుర్చీలు వస్తాయి, ఇంకో ఇంటి నుంచి గాజు గ్లాసులు, మరో ఇంటి నుంచి కొత్త దుప్పట్లు. ట్రస్టు నుంచి ఇల్లు చూడ్డానికి వస్తున్నామని మేం ఫోను చెయ్యగానే వాళ్ళ చేతులు వాటంతటవే ఆ పనిలో పడిపోతాయి. బీదగా కనబడితే పిల్లనే ఇవ్వరు, చదువు మాత్రం ఎందుకిస్తారని వాళ్ళ లెక్క. ఆ లెక్కలో తప్పు నాకెప్పుడూ కనబడలేదు. మా పద్ధతే దానికి అడ్డంగా ఉంది.

అందరూ ఇలా ఉండరు. నల్లపాడులో మస్తాన్‌బీ అని ఒక పెద్దావిడ ఉండేది. పెళ్ళిళ్ళకి వంటలు చేసిపెట్టే కుటుంబం. మనవడికి సీటొచ్చింది. నేను ఆటో దిగుతుండగానే గేటు దగ్గర నిలేసింది. "ఇవ్వడానికొచ్చారా, చూసిపోవడానికొచ్చారా?" అంది. రెండూనమ్మా అన్నాను. "నా మనవడికి చదువుకి డబ్బులు కావాలి. మా దగ్గర లేవు. మీ దగ్గరున్నాయంట. ఇంకేం చూస్తారు?" నా సర్వీసులో అంత చిన్న రిపోర్టు ఇంకోటి రాయలేదు. అందరూ మస్తాన్‌బీలే అయితే మా ఉద్యోగాలు ఉండేవి కావు.

శేషగిరిరావు గారు, పెద్దాయన షరతు

మా కార్యదర్శి శేషగిరిరావు గారు బ్యాంకులో పనిచేసి వచ్చిన మనిషి. "చెప్పి వెళ్తే పెళ్ళిచూపులు, చెప్పకుండా వెళ్తే సోదా. నిజం దొరికేది సోదాలోనే" అనేవారు. ఆయన నిజాయితీకి వంక పెట్టలేం. సొంత తమ్ముడి మనవడి దరఖాస్తుని పక్కన పడేశారు, ఆ తమ్ముడు ఆయన గుమ్మం తొక్కడం మానేశాడు. కానీ చెప్పకుండా వెళ్ళి, వంటింట్లోకి నడిచి, బియ్యం డబ్బా మూత తీసి చూసేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన వెంట వెళ్ళాను. ఆ ఇంటామె తలంటుకుని తడిజుట్టుతో పరిగెత్తుకొచ్చి, ఆయన చేతిలో తన డబ్బా మూత చూసి అలాగే నిలబడిపోయింది. తర్వాత ఆ కుటుంబానికి స్కాలర్‌షిప్పు వచ్చింది. నేను మాత్రం సోదా చెయ్యకూడదని ఆ రోజే అనుకున్నాను.

చెప్పే వెళ్ళేదాన్ని. కాకపోతే ముందు పక్కిల్లు చూసేదాన్ని. దాహమనో, ఫలానావారి ఇల్లెక్కడనో అడుగుతూ ఇటుపక్క గుమ్మం, అటుపక్క గుమ్మం తొంగిచూస్తే చాలు. అక్కడ కుర్చీలు లేకపోతే అవి ఇక్కడున్నాయని అర్థం. గోడ మీద దుమ్ము పట్టని నలుచదరపు మచ్చ ఉంటే ఆ టీవీ ఎక్కడికి వెళ్ళిందో తెలుస్తుంది. దీన్ని ఎవరూ నేర్పలేదు. పిడుగురాళ్ల సీరియలావిడ పుణ్యం.

ఇది కాక ట్రస్టు పెట్టిన పెద్దాయన షరతు ఒకటుంది. ఇంటి పెద్ద తన నోటితో సాయం అడగాలి. "అడగందే అమ్మైనా పెట్టదు" అన్నది ఆయన ఊతపదం. ఆయన చిన్నప్పుడు చదువు కోసం ఊళ్ళో గడప గడపకీ వెళ్ళి అడిగాడట. అడిగి తెచ్చుకున్నదాని విలువ తెలుస్తుందని ఆయన నమ్మకం. అందుకని మేం వెళ్ళినప్పుడు ఇంటి పెద్ద "మాకు లేదు, సాయం చెయ్యండి" అని మా ముందు అనాలి. అన్నాడని మేం రాయాలి. లేకపోతే ఆ దరఖాస్తు అక్కడితో సరి. పెద్దాయన పోయారు, షరతు పోలేదు. చాలాకాలం నాకూ అందులో తప్పు కనబడలేదు. నల్లపాడు మస్తాన్‌బీ అడిగింది, బట్టీ ఆయన అడిగాడు. ఒంగోలాయనైతే అడగమనకుండానే అడిగాడు.

మర్యాదలో లోపం

చీరాల పక్కన నేతపనివాళ్ళ పేటలో హిమబిందు అని ఒక అమ్మాయి. తండ్రి నాగభూషణం ముందుగదిలో గుంట మగ్గం మీద చీరలు నేస్తాడు. గుంటలో కాళ్ళు పెట్టుకుని నేల మట్టాన కూర్చుని నేసే మగ్గం అది. తల్లి సుబ్బాయమ్మ నూలు కండెలు చుడుతుంది. పిల్ల గుంటూరులో కెమిస్ట్రీ చదివింది. నూలుకి రంగులద్దిన నీళ్ళు కాలవల్లో కలుస్తాయి కదా, ఆ నీళ్ళని శుభ్రం చేసే చదువుకి బ్రిటన్లో సీటు తెచ్చుకుంది.

ఆ ఇంటికి మొదట వెళ్ళింది సుజాత. అప్పుడే ఉద్యోగంలో చేరిన అమ్మాయి, నెమ్మదస్తురాలు. చెప్పి వెళ్ళింది, చూసింది, చూసినట్టే రాసింది. ముందుగది విశాలంగా ఉంది, సోఫా, ఫ్రిజ్, కూలర్ ఉన్నాయి, మగ్గం ఎక్కడా కనబడలేదు, ఇంటి పెద్ద సాయం అడగలేదు. శేషగిరిరావు గారు అది చదివి, "నేత కుటుంబమట, ఇంట్లో మగ్గమే లేదట" అని పక్కన పెట్టేశారు. స్కాలర్‌షిప్పు రాలేదని అమ్మాయికి ఫోను వెళ్ళింది.

ఆ వారంలోనే నాగభూషణం గుంటూరు ఆఫీసుకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మడత నలగని కండువా, చేతిలో మిఠాయి పొట్లం. పోట్లాటకొచ్చాడనుకుని సుజాత లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. ఆయన నా ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మొన్న వచ్చిన అమ్మాయిగారికి మా ఇంట్లో ఏం లోపం జరిగిందో కనుక్కుందామని వచ్చానమ్మా."

"లోపమేమిటండీ?"

"భోంచెయ్యమంటే చెయ్యలేదు. కాఫీ కూడా సగం వదిలేశారు. అప్పుడే మా ఆవిడతో అన్నా, మర్యాదలో ఏదో తేడా వచ్చిందే అని. మంచినీళ్ళు కూడా సరిగా చల్లబడలా. ఫ్రిజ్ పొద్దున్నే కదా తెచ్చి పెట్టింది."

చివరి మాట అన్నట్టు కూడా ఆయన గమనించుకోలేదు. లోపల గదిలో సుజాత దగ్గు వినబడింది. ఎవరింట్లోనూ భోజనం చెయ్యకూడదని ఆ పిల్లకి రూలు చెప్పింది నేనే. ఎదుట కూర్చున్న మనిషేమో, భోజనం చెయ్యలేదు గనకే కూతురి చదువు పోయిందని నమ్ముతున్నాడు.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఎలా కనబడితే ఇస్తారో ఇంటివాళ్ళకి మేం చెప్పకూడదు. చెప్పడం మొదలుపెడితే ఒంగోలు నుంచి తడిచీరలన్నీ ఏసీల మీదికెక్కుతాయి. కాబట్టి, అయ్యా, మీ కొంప ముంచింది ఆ ఫ్రిజ్జే అని నేను అనలేను. లోపమేమీ లేదండీ, మళ్ళీ ఒకసారి వస్తాను అని మాత్రం అన్నాను. ఆయన లేచి నమస్కారం పెట్టాడు. "ఈసారి తప్పకుండా భోంచెయ్యాలి" అన్నాడు.

శేషగిరిరావు గారి దగ్గరికి వెళ్ళాను. ఒక ఇంటిని రెండోసారి చూస్తే అందరూ రెండోసారి చూడమంటారన్నారు. ఫ్రిజ్ మాట చెప్పాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"రాజ్యలక్ష్మి గారూ, గురువారం కమిటీ. శుక్రవారంతో ఆ అమ్మాయి సీటు గడువు అయిపోతుంది. బుధవారం వెళ్ళి రండి. చెప్పకుండా వెళ్ళమంటాను నేను. మీరు చెప్పే వెళ్తారు, తెలుసు."

ఫోను చేసి, బుధవారం వస్తున్నాను, దయచేసి ఏ ఏర్పాట్లూ పెట్టుకోవద్దు అని నాగభూషణానికి చెప్పాను. "అబ్బే, ఏర్పాట్లేమీ లేవమ్మా" అన్నాడు. ఫోను పెట్టేశాక గాని తట్టలేదు. మన వైపు మగపెళ్ళివారు కూడా ఏ ఏర్పాట్లూ వద్దనే అంటారు. ఆ మాటకి అర్థమేమిటో ఆడపెళ్ళివారికి బాగా తెలుసు.

పక్కింట్లో మగ్గం

తెనాలి, బాపట్ల మీదుగా రైల్లో వెళ్ళాను. దారంతా ఒకటే ఆలోచన. నేను చూసింది రాస్తే సుజాత రాసిందే మళ్ళీ రాయాలి. చూడనిది రాస్తే ఇన్నాళ్ళ ఉద్యోగంలో మొదటి అబద్ధం అవుతుంది. ఏదీ రాయకుండా ఊరుకుంటే శుక్రవారం వచ్చి సీటు పోతుంది.

పేటలో ఆటో దిగి ముందు పక్కింటికి వెళ్ళాను. కోటేశ్వరమ్మ అనే ఆవిడ గుమ్మంలో నేల మీద కూర్చుని చిక్కుళ్ళు తుంచుతోంది. మంచినీళ్ళడిగాను. చెంబుతో ఇచ్చింది గాని లోపల కూర్చోమనలేదు, కూర్చోడానికి ఏమీ లేదు. గోడకి మగ్గం చట్రం, అచ్చు, నాడెలు ఆనించి ఉన్నాయి. సగం నేసిన చీరతో సహా పడుగు పోగుల్ని దుప్పట్లో చుట్టి, నిద్రపోతున్న పసిపిల్లని పడుకోబెట్టినట్టు మంచం మీద పెట్టారు.

"మగ్గం మీదేనా అమ్మా?" అన్నాను.

"మాకెక్కడిది, మా ఆయన బట్టల షాపులో చేస్తాడు." ఆమె చిక్కుళ్ళు ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది. "గుంటూరు నుంచి ఇల్లు చూడ్డానికి వచ్చేది మీరేనా?"

తలూపాను.

"అయితే మా సోఫా మీదే కూర్చుంటారు. ఎడంపక్కన కూర్చోబాకండి, కాలు వదులు. నే చెప్పాననీ అనబాకండి." గొంతు తగ్గించింది. "పోయినసారి ఆ మగ్గం విప్పి మళ్ళీ బిగించుకునేసరికి పోగులు తెగి ఆ మనిషి నానా యాతన పడ్డాడు. నిన్న మళ్ళీ విప్పాడు. వద్దన్నయ్యా అంటే వినడు. ఆవిడ ఎక్కడ కూర్చుంటుందమ్మా, నా గుంటలోనా అంటాడు."

ఇంటి పెద్ద

నేను మళ్ళీ వీధి చివరికి వెళ్ళి ఫోను చేస్తే నాగభూషణం ఎదురొచ్చి తీసుకెళ్ళాడు. ముందుగదిలో అడుగు పెడితే చప్పుడు బోలుగా వచ్చింది. గుంట మీద బల్లలు పరిచి, దాని మీద తివాచీ వేసి, ఆ పైన సోఫా వేశారు. కుడిపక్కన కూర్చున్నాను. పోయినసారి సోఫా, ఫ్రిజ్, కూలరే. ఈసారి గాజు బీరువా కూడా వచ్చింది, అందులో ఎవరి పిల్లలకో ఆటల్లో వచ్చిన కప్పులు వరసగా ఉన్నాయి.

భోజనం పెట్టారు, తిన్నాను. గారెలు, కోడికూర, పులుసు, మీగడ పెరుగు. ఆయన పక్కనే నిలబడి ప్రతి ముద్దా చూశాడు. నా ముద్దలతో పాటు ఆయన మొహం తేటపడుతూ వచ్చింది. నాకేమో తర్వాత అడగబోయేదే మనసులో ఉంది.

చెయ్యి కడుక్కుని, "నాగభూషణం గారూ, మగ్గమేదండీ?" అన్నాను.

"పక్కన పెట్టామమ్మా."

"ఎందుకు?"

"మీరు కూర్చోడానికి చోటుండద్దా?"

ఆయన సిగ్గుపడి దాచలేదు. తన పని తక్కువదనీ అనుకోలేదు. వచ్చిన మనిషికి చోటు చేశాడు, అంతే. కూలి పోగొట్టుకుని, పోగులు తెంపుకుని, రెండుసార్లు చోటు చేశాడు. పక్కింట్లో కళ్ళారా చూశాను గనక మగ్గం సంగతి రాయడానికి ఇక ఇబ్బంది లేదు. మిగిలింది పెద్దాయన షరతు.

"మా ట్రస్టు పద్ధతి ఒకటుందండీ. సాయం కావాలని ఇంటి పెద్ద అడగాలి."

"అడిగేదేముందమ్మా. మీరు పెద్దలు, మీకు తోచినట్టు చెయ్యండి."

"అలా కాదండీ. మాకు లేదు, సాయం చెయ్యండి అని మీ నోటితో అనాలి."

ఆయన నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. "తాంబూలం వేసుకుంటారా?" అన్నాడు. మళ్ళీ అడిగాను. గుంటూరులో ఎండలెలా ఉన్నాయన్నాడు. తర్వాత మా నాన్నగారు ఏం చేసేవారని అడిగాడు, చెప్పాను. మాటలన్నీ అయిపోయాయి. ఆయన తివాచీ అంచు కాలితో సర్దుతూ ఉండిపోయాడు. హిమబిందు వంటింటి గుమ్మంలో నిలబడి తండ్రినే చూస్తోంది. ఈ మనిషి అనకపోతే ఈ పిల్ల సీటు ఎల్లుండితో పోతుంది. ఎంత తేలిక మాట అది. ఆయన నోట మాత్రం రావడం లేదు.

సుబ్బాయమ్మ వంటింట్లోంచి వచ్చేసింది. చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి.

"మాకేమీ లేదమ్మా. ఈ సోఫా మాది కాదు, ఫ్రిజ్ మాది కాదు. మీరు నీళ్ళు తాగిన గ్లాసు కూడా మాది కాదు. నే అడుగుతున్నా. నా బిడ్డకి సాయం చెయ్యండి."

ఏ న్యాయం ప్రకారం చూసినా అక్కడితో అయిపోవాలి. కానీ అంతకుముందు ఏడాదే కమిటీ ఒక దరఖాస్తుని వెనక్కి పంపింది, తండ్రి ఇంట్లో ఉండగా తల్లి అడిగితే చెల్లదని. ఆ కమిటీలో ఒక్క ఆడమనిషి లేదని వేరే చెప్పక్కర్లేదు. ఆ మాట సుబ్బాయమ్మకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. అయినా చెప్పాను. ఆమె గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

అప్పుడు హిమబిందు ముందుకొచ్చింది.

"వద్దు మేడం. మా నాన్న ఇంతవరకూ ఎవర్నీ ఏదీ అడగలేదు. ఆయన చేత అడిగించే చదువు నాకొద్దు. రానని ఇప్పుడే రాసేస్తాను."

ఏడవడం లేదు. సెల్‌ఫోను చేతిలోనే ఉంది, వేలు దాని మీద ఆడుతోంది. పట్టు మీదున్న పిల్ల, అన్నంత పనీ చేస్తుంది.

"ఆగు బిందూ" అన్నాడు నాగభూషణం.

లేచి నా ఎదురుగా వచ్చాడు. భుజం మీద కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు. "మా దగ్గర లేదమ్మా. నా కూతుర్ని నేను చదివించుకోలేను. సాయం చెయ్యండి" అన్నాడు. బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు ఒక్క మాట వదలకుండా, నేను చెప్పినదానికి ఇంకొంచెం కలిపి మరీ అన్నాడు. తర్వాత కండువా మడతపెట్టుకుని పెరటి తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. నేను బయల్దేరేటప్పుడు సాగనంపడానికి రాలేదు. వీధి చివరిదాకా నాతో వచ్చింది కోటేశ్వరమ్మ.

రైల్లో ఒక మూల కూర్చుని ఏడ్చాను. ఎవరో ముసలాయన, "ఎవరమ్మా పోయింది?" అని అడిగాడు.

కొత్తవాళ్ళకి

గురువారం కమిటీలో అధ్యక్షుల వారు నా పేజీ తిప్పి ఒక్కటే అడిగారు.

"తండ్రి అడిగాడా?"

"అడిగాడండీ."

"సరే, తర్వాతది చూద్దాం."

శుక్రవారం మధ్యాహ్నం హిమబిందు యూనివర్సిటీకి వస్తున్నానని రాసింది. వీసా కూడా అందాక ఆఫీసుకి వచ్చి కనబడింది. సుజాత దగ్గర కాసేపు కూర్చుని, తర్వాత నా దగ్గరికి వచ్చింది. మీ నాన్న ఎలా ఉన్నారని అడిగాను.

"బాగానే ఉన్నారు మేడం. మగ్గం బిగించుకున్నారు, నేస్తున్నారు." ఆ పిల్ల బ్యాగు జిప్పు వేస్తూ తీస్తూ కూర్చుంది. "కాకపోతే ఎవరొచ్చినా లోపలికి రమ్మనడం లేదు. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపించేస్తున్నారు. మొన్న మా మేనత్త వచ్చినా అంతే. అమ్మే వెనకాల నుంచి తీసుకెళ్ళి అన్నం పెట్టింది."

మేమిచ్చినది చాలా పెద్దది, అందులో అనుమానం లేదు. ఆ పిల్ల చదువు అక్కడ సాగింది. మేం తీసుకున్నదేమిటో మాత్రం మా రిపోర్టుల్లో రాసే చోటు లేదు. తన గదిలోంచి మగ్గాన్నే తీసేసి చోటు చేసే మనిషి ఇప్పుడు తోడబుట్టినదాన్ని గుమ్మంలో నిలబెడుతున్నాడు.

ఆ షరతు తీసెయ్యమని కమిటీలో అడిగాను, మరుసటి ఏడాదీ అడిగాను. గోడ మీద దండ వేసిన పెద్దాయన ఫోటో వైపు చూపించారు. శేషగిరిరావు గారు నన్ను బయటికి తీసుకెళ్ళి, "ఆ షరతు వల్లే కదండీ చివరికి ఆ అమ్మాయికి వచ్చింది" అన్నారు. ఆయన మంచివాడే, నిజంగా అలాగే అనుకున్నారు. నేను రిటైరయ్యేనాటికి కూడా ఆ షరతు అలాగే ఉంది. మీకు ఇచ్చిన పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంటుంది, చూసుకోండి.

అందుకని నేను చెప్పేది ట్రస్టువాళ్ళకి నచ్చదు. నచ్చకపోయినా నాకిప్పుడు పోయే ఉద్యోగమేమీ లేదు. అవసరం ఉందో లేదో ఎంత గట్టిగానైనా చూడండి. పక్కిల్లు చూడండి, ఏసీ మీద చీర ఉంటే ఎత్తి చూడండి, అందులో మొహమాటపడకండి. షరతు తాలూకు ఆ ఒక్క గడి మాత్రం బస్సులో ఉండగానే నింపేసుకోండి. "ఇంటి పెద్ద సాయం అడిగాడు" అని రాసుకుని, పెన్ను మూసేసి, అప్పుడు బస్సు దిగండి. వెళ్ళి, వాళ్ళు కూర్చోమన్న చోట కూర్చుని, పెట్టింది తిని రండి.